సర్కారు కొలువు ఎంపికలో అన్యాయం జరిగితే: అర్జీ, ఆర్టీఐ, ట్రిబ్యునల్, హైకోర్టుల్లో ఏ దారి ఎప్పుడు పట్టాలి

కొన్నేళ్ల కిందట ఒక నియామక పరీక్షలో నేను రాసిన ఒక జవాబు ప్రిలిమినరీ కీలో, అంటే ముందుగా పెట్టే జవాబుల పట్టికలో, ఒప్పు. ఫైనల్ కీ వచ్చేసరికి అదే జవాబు తప్పయింది. నా కేటగిరీ కటాఫ్‌కు ముప్పావు మార్కు దూరంలో ఆగిపోయాను. ఇంటర్ పుస్తకంలో ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉంది. అర్జీ రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. జవాబు లేదు. ఇంకోటి పంపాను. ఆర్టీఐ పెట్టాను. మళ్లీ ఇంకో అర్జీ. ఏడు నెలలు గడిచాక హైదరాబాద్‌లో ఒక లాయరు గారి ముందు కూర్చుంటే, ఆయన నేను తీసుకెళ్లిన పుస్తకం వంక చూడనే లేదు. పెన్సిల్ తీసి కాగితం అంచున మూడు తేదీలు రాసుకున్నారు: ఫైనల్ కీ వచ్చిన రోజు, ఫలితాలు వచ్చిన రోజు, సెలెక్ట్ అయినవాళ్లు జాయినైన రోజు. "ఈ మధ్యలో ఏం చేశావమ్మా?" అని అడిగారు. చూపించడానికి నా దగ్గర మూడు పోస్టాఫీసు రసీదులు ఉన్నాయి.

కేసు వేశాం, నిలవలేదు. ఆలస్యం ఒక కారణం. సెలెక్ట్ అయినవాళ్లలో ఒక్కరినీ ప్రతివాదిగా చేర్చకపోవడం ఇంకో కారణం. నా జవాబు ఒప్పా తప్పా అన్న దాకా విచారణ వెళ్లనే లేదు.

అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. తప్పు జరిగిందని మీకు ఏ తేదీన తెలిసింది? మీకు కావాల్సింది ఏమిటి, మీ పోస్టా, మొత్తం ఎంపిక రద్దా? ఏ దారి పట్టాలన్నది ఈ రెండు జవాబులే చెబుతాయి.

కీ మీద అభ్యంతరం

అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే తక్కువ గడువు ఉన్నది ఇదే. ప్రిలిమినరీ కీ పెట్టాక అభ్యంతరాలకు కొద్ది రోజులే ఇస్తారు. చాలామంది "మనం ఒక్కళ్లం పెడితే ఎవరు చూస్తారు, ఎవరో ఒకరు పెడతారులే" అనుకుని వదిలేస్తారు. పెట్టండి. రేపు కోర్టుకు వెళ్తే "గడువులో అభ్యంతరం ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది.

రాసేటప్పుడు బాధ రాయకండి, రుజువు పెట్టండి. పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, పేజీ నంబరు, ఆ పేజీ స్కాన్, ఉంటే గెజిట్ లేదా జీవో కాపీ. తెలుగు అకాడమీ పుస్తకం ఒక్కటే కాకుండా ఎన్‌సీఈఆర్‌టీ గానీ, ప్రభుత్వ శాఖ ప్రచురణ గానీ తోడు ఉంటే బలం. కోచింగ్ సెంటర్ మెటీరియల్‌కు విలువ ఉండదు. ప్రశ్న నంబరు మీ సెట్‌లోదో మాస్టర్ సెట్‌లోదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఈ చిన్న పొరపాటుతో సరైన అభ్యంతరాలు కూడా చెత్తబుట్టలో పడతాయి.

ఫైనల్ కీ తర్వాత కూడా తప్పు అలాగే ఉంటే కోర్టు దిద్దుతుందా? ఇక్కడ చాలామందికి లేనిపోని ఆశ ఉంటుంది. 1983లో కాన్పూర్ యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు ఒక కొలబద్ద పెట్టింది. కీ సరైనదనే అనుకోవాలి. అది తప్పని స్పష్టంగా, ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోలేనంతగా రుజువైతేనే జోక్యం. ఆ కేసులో విద్యార్థులు గెలిచారు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలు సూటిగా వాళ్ల వైపు ఉన్నాయి. ఆ తర్వాత ఉత్తరప్రదేశ్ టీచర్ల నియామకం మీద వచ్చిన రణ్ విజయ్ సింగ్ తీర్పు ఇంకా గట్టిగా చెప్పింది: రూల్స్‌లో రీవాల్యుయేషన్‌కు చోటు లేకపోతే అరుదైన సందర్భంలో తప్ప కోర్టు కల్పించుకోదు, సందేహం ఉంటే అది పరీక్ష పెట్టిన సంస్థకే అనుకూలం. కాబట్టి తూచి చూసుకోండి. పేజీ తెరిచి వేలు పెట్టి చూపించగలిగితే కీ కేసు వేయండి. "ఇలా కూడా అర్థం చేసుకోవచ్చు కదా" అని వాదించాల్సి వస్తే వద్దు. ఆ డబ్బు, ఆ నెలలు తర్వాతి పరీక్షకు పెట్టండి.

అర్జీ మంచిదే, దానితో ఆగిపోవద్దు

అర్జీ ఒక్కటి చాలు. అక్నాలెడ్జ్‌మెంట్ ఉన్నది, తేదీ ఉన్నది, ఏ రూలు ఉల్లంఘించారో ఒక పేజీలో చెప్పేది. నేను చేసిన తప్పు మీరు చేయకండి. అర్జీ మీద అర్జీ పెట్టుకుంటూ పోతే గడువు పెరగదని సుప్రీంకోర్టు సి. జేకబ్ కేసులో 2008లోనే చెప్పింది. చాలా ఆలస్యంగా పెట్టిన అర్జీకి ఆఫీసు జవాబు ఇచ్చినా, చచ్చిపోయిన గడువు మళ్లీ బతకదు.

ఆర్టీఐ సంగతి వేరు. అది తెలుసుకోవడానికి, న్యాయం తెచ్చుకోవడానికి కాదు. మీ జవాబు పత్రం అడిగి తెచ్చుకునే హక్కు మీకుందని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే సివిల్స్ మార్కుల విషయంలో 2018లో యూపీఎస్‌సీ వైపు మొగ్గింది కాబట్టి ప్రతి పరీక్షలో ప్రతి కాగితం చేతికొస్తుందని అనుకోవద్దు. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. రెండో అప్పీలు దాకా వెళ్తే నెలలు దొర్లిపోతాయి. ఈలోగా పోస్టింగులు అయిపోతాయి.

నా సలహా: ఆర్టీఐ పెట్టండి, కానీ దాని కోసం కేసు ఆపకండి. హైకోర్టు రికార్డులు తెప్పించగలదు. కోర్టు నోటీసు ఇస్తే సంస్థ కౌంటర్ అఫిడవిట్‌లో, అంటే కోర్టుకు ఇచ్చే రాతపూర్వక జవాబులో, వివరం చెప్పుకోక తప్పదు. ఆర్టీఐలో దాటేసిన విషయం చాలాసార్లు కౌంటర్‌లో బయటపడుతుంది.

క్యాట్‌కా, హైకోర్టుకా

ఇది ఇష్టాన్ని బట్టి ఎంచుకునేది కాదు, పోస్టును బట్టి ఉంటుంది. తప్పు తలుపు తడితే నెలలు వృథా.

ఎస్‌ఎస్‌సీ, రైల్వే, పోస్టల్, యూపీఎస్‌సీ లాంటి కేంద్ర పోస్టులైతే ముందు క్యాట్‌కే (సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కే) వెళ్లాలి. రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లకూ హైదరాబాద్ బెంచ్. సుప్రీంకోర్టు 1997లో చంద్రకుమార్ కేసులో తేల్చింది ఇదే: క్యాట్ పరిధిలో ఉన్న వివాదాన్ని నేరుగా హైకోర్టుకు తీసుకెళ్లకూడదు, క్యాట్ తీర్పు మీద హైకోర్టు డివిజన్ బెంచ్‌కు వెళ్లొచ్చు. క్యాట్‌లో ఫీజు 50 రూపాయలే, కావాలంటే మన కేసు మనమే చెప్పుకోవచ్చు. కానీ అక్కడ గడువు చట్టంలోనే రాసి ఉంది: ఉత్తర్వు వచ్చిన నాటి నుంచి ఏడాది. చట్టబద్ధమైన అర్జీకి ఆరు నెలలైనా జవాబు రాకపోతే అక్కడి నుంచి ఏడాది. ఏడాది ఉంది కదా అని కూర్చోవద్దు, అవతల అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఏడాది ఆగవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎస్‌ఎస్‌సీ పెట్టినా జీడీ కానిస్టేబుల్ పరీక్ష సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాలకు. సాయుధ బలగాలు క్యాట్ చట్టంలోకి రావు. ఆ వివాదాలకు హైకోర్టే. ప్రభుత్వ బ్యాంకుల పోస్టులూ అంతే.

రాష్ట్ర పోస్టులు, అంటే గ్రూప్స్, డీఎస్సీ, పోలీసు, గురుకులాలకు ఇప్పుడు హైకోర్టే దారి. ఉమ్మడి రాష్ట్రంలో 1989 నుంచి అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఉండేది. 2016లో తెలంగాణ దాని పరిధి నుంచి బయటికొచ్చింది, 2019లో ఆంధ్రప్రదేశ్ కూడా రద్దు చేసుకుంది. పాత పుస్తకాలు చదివి "ఏపీఏటీకి (ఆ ట్రిబ్యునల్‌కే) వెళ్లాలి" అని ఇప్పటికీ చెప్పేవాళ్లు ఉన్నారు, నమ్మకండి. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడానికి రోజుల లెక్కలో గడువు లేదు. అదే చాలామందిని ముంచుతుంది. గడువు లేదంటే ఎప్పుడైనా వేయొచ్చని కాదు, ప్రతి నెలకూ మీరు లెక్క చెప్పుకోవాలి.

ఇంకొకటి: సర్వీసు విషయాల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యం నిలవదు. మీ తరఫున ఏ సంఘం నాయకుడో పిల్ వేస్తానంటే వద్దనండి. నష్టపోయినవాళ్లే పిటిషనర్లు కావాలి.

ఎప్పుడు వేయాలి: పరీక్షకు ముందా, ఫలితం తర్వాతా

నోటిఫికేషన్‌లోనే తప్పు కనిపిస్తే, అర్హతలో గానీ రోస్టర్‌లో (ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కో చెప్పే వరుసలో) గానీ వెయిటేజీలో గానీ, అప్పుడే వేయాలి. పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు వెళ్లి, పేరు రాలేదని తెలిశాక ఆ పద్ధతే తప్పంటే కుదరదని 1995లో మదన్‌లాల్ కేసు నుంచి కోర్టులు చెబుతూనే ఉన్నాయి. దీనికి మినహాయింపు లేకపోలేదు. ఎంపిక విధానమే చట్టానికి విరుద్ధంగా ఉంటే, పాల్గొన్నంత మాత్రాన నోరు మూసుకోవాల్సిన పని లేదని 2019లో బిహార్ డాక్టర్ల నియామకం కేసులో సుప్రీంకోర్టు అంది. కానీ మినహాయింపును నమ్ముకుని నడవకండి. ముందే ఒక ఉత్తరంలో అభ్యంతరం రాసి పంపి, ఆ తర్వాతే పరీక్ష రాయండి.

ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 చూడండి. నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. రోస్టర్ మీద ఆందోళన 2025 ఫిబ్రవరి 23న మెయిన్స్ అనగా దానికి ముందు రోజుల్లో రోడ్డెక్కింది. పరీక్ష ఆగలేదు. వేలమంది హాల్ టికెట్ పట్టుకుని సెంటర్లకు బయల్దేరిన వేళ ఆపమని అడిగితే ఏ జడ్జి అయినా వెనకాడతారు.

మధ్యలో రూల్స్ మారిస్తే మాత్రం మీ చేయి బలంగా ఉంటుంది. దీనికి పునాది మన దగ్గరి కేసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జీల ఎంపికలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ అయిపోయాక ఇంటర్వ్యూకు కనీస మార్కులు పెట్టారు. 2008లో మంజుశ్రీ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. 2024 నవంబర్ 7న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఆ సూత్రాన్నే నిలబెట్టింది: ఎంపిక మొదలయ్యాక, ముందున్న రూల్స్ గానీ నోటిఫికేషన్ గానీ అనుమతిస్తే తప్ప, ఆట మధ్యలో నిబంధన మార్చకూడదు. మీ కేసు ఇలాంటిదైతే కీ కేసు కంటే ఎన్నో రెట్లు నయం. నోటిఫికేషన్ పీడీఎఫ్ వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తర్వాత వెబ్‌సైట్‌లో అదే పేరుతో మారిన ఫైలు కనిపించొచ్చు.

రిజర్వేషన్ లెక్క తప్పిన కేసులూ ఇలా గట్టివే. రిజర్వుడు కేటగిరీ అమ్మాయికి ఓపెన్ మహిళల కటాఫ్ కంటే ఎక్కువ మార్కులు వచ్చినా ఓపెన్ సీటు ఇవ్వకపోతే అది తప్పని 2020లో సౌరవ్ యాదవ్ తీర్పు స్పష్టం చేసింది. ఇక్కడ వాదన అంతా అంకెలే: మీ మార్కులు, వాళ్ల కటాఫ్, ఒక టేబుల్. జడ్జి గారికి అయిదు నిమిషాల్లో అర్థమయ్యే కేసు ఇది.

నా పోస్టా, మొత్తం రద్దా

అసలు నిర్ణయం ఇదే, దీని మీదే ఎక్కువ ఆలోచించండి. కోపంలో ఉన్నప్పుడు అందరం రద్దే అడుగుతాం. కానీ రద్దు అంటే మీరు మళ్లీ రాయాలి.

తెలంగాణ గ్రూప్-1 గుర్తు చేసుకోండి. 503 పోస్టులకు 2022 అక్టోబర్ 16న ప్రిలిమ్స్. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో కమిషనే రద్దు చేసింది. 2023 జూన్ 11న మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ తీసుకోలేదని కొందరు కోర్టుకెళ్తే సెప్టెంబరులో హైకోర్టు ఆ ప్రిలిమ్స్‌ను కూడా రద్దు చేసింది, డివిజన్ బెంచ్ సమర్థించింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. కేసు గెలిచినవాళ్లూ, ఓడినవాళ్లూ, కేసు సంగతే తెలియనివాళ్లూ అందరూ అదే బెంచీల మీద కూర్చుని రాశారు. హైదరాబాద్ కోచింగ్ సెంటర్ల అడ్డా అశోక్‌నగర్‌లో రూమ్ అద్దె కట్టుకుంటూ ఆ మూడు పరీక్షలూ రాసినవాళ్ల రెండేళ్లు ఎవరు తిరిగిస్తారు? ఆ రద్దులు తప్పని నేను అనడం లేదు. లీకైన పేపర్‌తో ఎంపిక చేయడం ఇంకా పెద్ద ద్రోహం. ఆ మూల్యం మీరూ కట్టాల్సి వస్తుందని తెలిసి అడగమంటున్నాను.

కోర్టులు కూడా రద్దును చివరి మందుగానే వాడతాయి. తప్పు చేసినవాళ్లను వేరు చేయగలిగితే వాళ్లనే తీసేయాలి, వేరు చేయలేనంతగా కుళ్లు పాకితేనే మొత్తం రద్దు. పశ్చిమ బెంగాల్ స్కూల్ సర్వీస్ కమిషన్ 2016 నియామకాల్లో 25,753 మంది ఉద్యోగాలు పోవడాన్ని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు సమర్థించింది. ఓఎంఆర్ షీట్లు ధ్వంసం చేసి, తప్పును కప్పిపుచ్చిన తీరు చూశాక, మంచిచెడ్డలు విడదీసే దారి లేదంది. ఆ స్థాయి రుజువు మీ దగ్గర ఉందా? నలుగురు చెప్పుకునే మాట, ఒక సెంటర్ నుంచి ఎక్కువమంది సెలెక్ట్ అయ్యారనే లెక్క మాత్రమే ఉంటే, రద్దు అడిగి మీ సొంత కేసును కూడా బలహీనం చేసుకోకండి. అది ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

మీ నష్టం మీకే ప్రత్యేకమైతే, అంటే మీ సర్టిఫికెట్ తిరస్కరించారు, మీ స్థానికత తప్పుగా లెక్కేశారు, మీ మార్కుల కూడిక తప్పింది, అలాంటప్పుడు మీ పోస్టే అడగండి. "ఒక పోస్టు ఖాళీగా ఉంచండి" అనే మధ్యంతర ఉత్తర్వు కోరండి. మొత్తం ప్రక్రియకు స్టే అడిగితే చాలాసార్లు దొరికేది "నియామకాలు తుది తీర్పుకు లోబడి ఉంటాయి" అనే ఒక్క వాక్యం. ఒక పోస్టు ఆపమంటే ఇవ్వడానికి కోర్టుకు ఇబ్బంది తక్కువ. మీకు పనికొచ్చేది కూడా అదే.

లీకేజీ, డబ్బు లావాదేవీలైతే పోలీసు ఫిర్యాదు కూడా చేయాలి. మన రాష్ట్రాల్లో 1997 నాటి మాల్‌ప్రాక్టీసుల చట్టం ఉంది. కేంద్ర పరీక్షలకు 2024 జూన్ 21 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, ముఠాగా చేస్తే పదేళ్ల దాకా జైలు. దానివల్ల మీకు పోస్టు రాదు, కానీ దర్యాప్తులో బయటపడ్డది రిట్‌లో మీకు ఆధారం అవుతుంది.

ఒంటరిగా వేయాలా, బ్యాచ్‌లోనా

వాట్సాప్ గ్రూపులో "తలా ఇంత వేస్తే సీనియర్ లాయర్‌ను పెడదాం" అనే మెసేజ్ ఏ నోటిఫికేషన్‌కైనా వస్తుంది. ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ కీ సమస్య ఉన్నవాడు, రోస్టర్ సమస్య ఉన్నవాడు, నాన్-లోకల్ సమస్య ఉన్నవాడు ఒకే అఫిడవిట్‌లో ఉంటే ఎవరి వాదనా నిలబడదు. సమస్య అక్షరాలా ఒకటే అయినవాళ్లతోనే కలవండి. అఫిడవిట్ మీద సంతకం చేసే ముందు మీ పేరా మీరు చదవండి, డబ్బు లాయరు గారికే ఇచ్చి రసీదు తీసుకోండి.

"వాళ్లు గెలిస్తే మనకూ వస్తుంది" అని గోడ మీద పిల్లిలా కూర్చోవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక. ఇతరులు గెలిచాక తీరిగ్గా లేచి వచ్చేవాళ్లకు మామూలుగా ఆ ఫలం దక్కదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నడుస్తుండగానే మీ పిటిషన్ వేయండి.

ప్రతివాదుల విషయం నా అనుభవంతో చెబుతున్నాను. మీరు గెలిస్తే ఎవరి పోస్టు పోతుందో వాళ్లను, కనీసం కొందరినైనా, చేర్చాలి. ఇది 1984లో ప్రబోధ్ వర్మ కేసు నుంచి ఉన్న రూలే. లాయర్ మర్చిపోయినా మీరు అడగండి. అవతలి వైపు ఉన్న, సెలెక్ట్ అయిన తమ్ముళ్లు, చెల్లెళ్లకు కూడా ఇదే మాట: మీ ఎంపిక మీద కేసు పడిందని తెలిస్తే ఇంప్లీడ్ అవ్వండి, అంటే ఆ కేసులో మీరూ పార్టీగా చేరండి, కమిషన్ చూసుకుంటుందని వదిలేయకండి.

గెలిచాక కూడా మార్గం ఉంటుంది, మలుపులూ ఉంటాయి. ఏపీ గ్రూప్-1 2018 నోటిఫికేషన్ మెయిన్స్‌ను 2024 మార్చిలో సింగిల్ జడ్జి రద్దు చేశారు, అదే నెలలో డివిజన్ బెంచ్ దాన్ని నిలిపేసింది. తెలంగాణ గ్రూప్-1లో 2025 సెప్టెంబర్ 9న సింగిల్ జడ్జి ర్యాంకుల జాబితాను కొట్టేస్తే, 24న డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది. అందుకని తీర్పు వచ్చిన రోజు స్వీట్లు పంచినా, మర్నాడు మళ్లీ చదువుకోడానికి కూర్చోండి. వయోపరిమితి కోర్టు వాయిదాల కోసం ఆగదు.

ఇక డబ్బు. నా కేసుకు ఫీజు కట్టడానికి మా అమ్మ గాజులు కుదవ పెట్టింది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు అని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లోనూ, అమరావతిలోనూ హైకోర్టు ప్రాంగణంలో ఉండే లీగల్ సర్వీసెస్ కమిటీకి ఒక దరఖాస్తు, ఆధార్, కుల లేదా వైకల్య ధ్రువపత్రం, మీ హాల్ టికెట్, ఫలితం కాపీ తీసుకెళ్లండి. ఫైనల్ కీ వచ్చిన వారంలోనే వెళ్లండి.